పురుగుల పంతులు ఫాబ్రే

ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగంలో ఆవేరాన్ అనే కొండ ప్రాంతం ఉంది. చలి ఎక్కువ, నేలంతా రాళ్లు. అక్కడి సెయింట్ లియోన్ గ్రామంలో ఒక నిరుపేద రైతు కుటుంబంలో 1823 డిసెంబరులో జాన్ హెన్రీ ఫాబ్రే జన్మించాడు. తరువాత తమ్ముడు పుట్టాడు. ఇద్దరు పిల్లల్ని సాకే స్తోమత తల్లిదండ్రులకు లేదు. అందుకని పెద్దవాణ్ణి మలావాల్ అనే మారుమూల పల్లెలో ఉన్న తాత, నాయనమ్మల దగ్గరకు పంపించారు. ఆ తాత గొడ్లనూ గొర్రెలనూ మేపినవాడే కాని జీవితంలో ఒక పుస్తకం తెరిచి ఎరుగడు.

అక్కడే ఆ పిల్లవాడు తన మొదటి ప్రయోగం చేశాడు. ఒకరోజు ఎండలో నిలబడి సూర్యుణ్ణి చూస్తుంటే వాడికి సందేహం వచ్చింది. ఈ వెలుగును నేను కళ్లతో చూస్తున్నానా, నోటితో చూస్తున్నానా అని! కళ్లు మూసి నోరు తెరిచాడు, వెలుగు పోయింది. నోరు మూసి కళ్లు తెరిచాడు, వెలుగు వచ్చింది. మళ్లీ చేసి చూశాడు. అదే ఫలితం. రాత్రి ఈ సంగతి ఇంట్లో చెబితే అందరూ పగలబడి నవ్వారు. మనకూ నవ్వు వస్తుంది. కాని ఒక ఇంద్రియాన్ని మూసి, మరొకదాన్ని తెరిచి, ఏది పని చేస్తున్నదో తేల్చుకోవడమే కదా ఆ ప్రయోగం! అరవై ఏళ్లు దాటిన తర్వాత ఫాబ్రే శలభాల మీద చేసిన పని కూడా సరిగ్గా ఇదే. అందుకే ఈ చిన్న సంగతిని మేము ముందుగా చెప్పాం.

ఏడేళ్ల వయసులో సొంత ఊరికి తిరిగి వచ్చి బడిలో చేరాడు. ఆ బడి ఒకే గది. అదే పంతులుగారి వంటిల్లు, అదే పడక గది. పాఠం జరుగుతుంటే కోళ్లు, పంది పిల్లలు లోపలికి వచ్చేవి. తరువాత తండ్రి పొలం వదిలి పట్నం చేరి కాఫీ హోటలు పెట్టాడు. రోదేజ్‌లో పెట్టింది నడవలేదు, తులూజ్‌లో నడవలేదు, మోన్పెలియేలో నడవలేదు. ఊరు మారినప్పుడల్లా పిల్లవాడి చదువు తెగిపోయేది. రోదేజ్‌లో ప్రార్థనా మందిరంలో సేవ చేస్తే ఫీజు లేకుండా చదువు చెప్పారు. చివరకు కుటుంబం చెల్లాచెదురైంది. ఫాబ్రే తన పొట్ట తానే పోసుకోవలసి వచ్చింది. బోకేర్ సంతలో నిమ్మకాయలు అమ్మాడు, రైలు మార్గం వేస్తుంటే అక్కడ కూలి పని చేశాడు.

ఆ దశలో ఆవిన్యాన్ పట్టణంలోని ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల ఉపకార వేతనానికి పోటీ పరీక్ష పెట్టింది. రాశాడు, మొదటి స్థానం వచ్చింది. అది వసతితో కూడిన పాఠశాల. తిండికి లోటు లేదు. అయితే ఆ తిండి ఏమిటంటే ఎండబెట్టిన చెస్ట్‌నట్ కాయలు, శనగలు. మన మెస్సులో నీళ్ల సాంబారు మీద వినిపించే విమర్శలన్నీ ఆ కుర్రాడి ముందు పెడితే ఏమనేవాడో ఊహించుకోవచ్చు! మూడు పూటలా కడుపు నిండే చోటు దొరికిన తర్వాతే ఆయన చదువు నిలబడింది.

1842లో పందొమ్మిదేళ్లైనా నిండకుండానే కార్పెంట్రాస్‌లో పంతులుగా చేరాడు. జీతం ఏడాదికి 700 ఫ్రాంకులు. ఒకసారి పిల్లలకు భూమి కొలతలు నేర్పించడానికి బయలు ప్రదేశానికి తీసుకువెళ్లాడు. ఎవరినైనా జెండా కర్ర పాతమని పంపితే మధ్యలోనే వంగి ఏదో రాయి తీస్తున్నారు, గడ్డిపరక నోట్లో పెట్టుకుంటున్నారు. విషయం ఏమిటంటే, ఆ రాళ్ల మీద ఒక రకం నల్లని తేనెటీగ మట్టితో గూళ్లు కడుతుంది, పిల్లలు గడ్డిపరకతో ఆ తేనె పీలుస్తున్నారు. ఇంకొకరైతే బెత్తం తీసేవారు. ఫాబ్రే తాను కూడా వంగి తేనె రుచి చూశాడు. ఆ ఈగ సంగతి తెలుసుకోవాలని పుస్తకాల దుకాణంలో కీటకాల గురించిన పెద్ద గ్రంథం ఒకటి కొన్నాడు. దాని వెల ఆయన నెల జీతం. ఆ నెల ఎలా గడిచిందో, పేద పంతులు కదా, వేరే చెప్పనక్కరలేదు.

పని చేసుకుంటూనే ప్రైవేటుగా చదివి గణితంలో, భౌతిక శాస్త్రంలో పట్టాలు తెచ్చుకున్నాడు. 1849లో కార్సికా ద్వీపంలో ఉద్యోగం వచ్చింది. అక్కడికి వచ్చిన మొకాన్ తాందాన్ అనే పెద్ద శాస్త్రవేత్త ఒకరోజు కుట్టుపని బుట్టలోంచి కత్తెర, సూదులు తీసుకుని, నీళ్లు పోసిన పళ్లెంలో నత్తను కోసి దాని లోపలి భాగాలన్నీ చూపించాడు. తన జీవితంలో మరచిపోలేని జీవశాస్త్ర పాఠం అదేనని ఫాబ్రే తరువాత రాసుకున్నాడు. ప్రయోగశాల లేకపోవడం ఆయనకు అప్పటినుంచీ అడ్డు కాలేదు.

1853లో ఆవిన్యాన్ లిసేకు వచ్చి, ఏళ్ల తరబడి పదోన్నతి లేకుండా అక్కడే ఉండిపోయాడు. 1855లో పారిస్‌లో డాక్టరేటు వచ్చింది. 1859లో డార్విన్ తన ప్రసిద్ధ గ్రంథంలో ఫాబ్రే పరిశీలనలను పేర్కొన్నాడు. అయినా జీతం మాత్రం పంతులు జీతమే. 1865లో పట్టుపురుగుల రోగం మీద పరిశోధన చేయడానికి లూయీ పాశ్చర్ ఆ ప్రాంతానికి వచ్చి ఫాబ్రేను కలిశాడు. పాశ్చర్ అంతవరకు పట్టుగూడునే చూడలేదు! చేతికి ఇస్తే చెవి దగ్గర ఊపి, లోపల ఏదో ఉందే అని ఆశ్చర్యపోయాడట. తరువాత ఆ పెద్దాయన, ఫాబ్రే ఇంట్లో ద్రాక్షసారా నిలవ చేసే గది చూపించమన్నాడు. ఆ ఇంట్లో అలాంటి గది ఎక్కడిది? విరిగిన కుర్చీ మీద ఉన్న ఒక్క కూజా చూపించాడు ఫాబ్రే.

పేదరికం నుంచి బయటపడాలని ఆయన ఒక దారి వెతికాడు. మంజిష్ఠ వేరు నుంచి శుద్ధమైన ఎర్ర రంగు తీసే పద్ధతి మీద సంవత్సరాలు శ్రమించాడు. తీరా అది ఫలించే వేళకు, 1860ల చివర జర్మన్లు అదే రంగును ప్రయోగశాలలో కృత్రిమంగా తయారు చేశారు. మన బందరు అద్దకాలకు వాడిన చిరివేరు గిరాకీని తరువాత దెబ్బతీసినది కూడా ఆ రంగే.

అంతలో ఇంకో దెబ్బ. విద్యామంత్రి విక్తోర్ ద్యురీ ప్రోత్సాహంతో ఆయన సాయంత్రం పూట అందరికీ ఉచితంగా సైన్సు పాఠాలు చెప్పేవాడు. ఆడపిల్లలూ వచ్చేవారు. పువ్వులలో పరాగ సంపర్కం ఎలా జరుగుతుందో వాళ్ల ముందు చెప్పినందుకు ఊరి పెద్దలకు, మతాచార్యులకు కోపం వచ్చింది. అద్దె ఇంటి యజమానురాళ్లు నెల తిరగకుండా ఖాళీ చేయమన్నారు. 1870లో ఏడుగురి కుటుంబంతో వీధిన పడ్డాడు. అప్పుడు ఆవిన్యాన్‌లో ఉంటున్న ఆంగ్ల తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్, ఏ పత్రమూ రాయించుకోకుండా 3000 ఫ్రాంకులు అప్పిచ్చి ఆదుకున్నాడు. ఆ అప్పు ఫాబ్రే తీర్చేశాడు. ఆరంజ్ అనే ఊళ్లో ఉంటూ బడి పిల్లలకు పాఠ్యపుస్తకాలు రాసి బతికాడు. 1877లో కొడుకు జూల్ పదహారేళ్ల ప్రాయంలో చనిపోయాడు. పురుగుల పరిశీలనలో ఆయనకు తోడుగా ఉన్నవాడు ఆ కుర్రాడే.

1879లో, యాభై ఐదేళ్ల వయసులో, పుస్తకాల మీద వచ్చిన డబ్బుతో సెరిన్యాన్ గ్రామం దగ్గర ఒక బీడు భూమి, ఇల్లు కొన్నాడు. పేరు అర్మాస్. ఆ ప్రాంతపు భాషలో ఆ మాటకు అర్థమే రాళ్ల బీడు. ముళ్ల మొక్కలు తప్ప ఏమీ పండని ఆ హెక్టారు నేల ఆయనకు స్వర్గమైంది, ఎందుకంటే పురుగులకు అదే స్వర్గం. చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు.

ఇక శలభాల కథకు వద్దాం. శలభం అంటే సీతాకోకచిలుకకు దగ్గరి చుట్టం, ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది. వానాకాలం స్టడీ అవర్‌లో ట్యూబ్‌లైటు చుట్టూ తిరిగి మన నోట్సుల మీద రెక్కల పొడి రాల్చేవి ఇవే. ఐరోపాలో అన్నిటికన్నా పెద్ద శలభం గ్రేట్ పీకాక్. రెక్కలు చాపితే 15 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, రెక్కల మీద కన్నులాంటి మచ్చలు. మన మహదేవ్‌పూర్, చెన్నూరు అడవుల్లో మద్ది చెట్ల మీద దసలి పట్టు ఇచ్చే శలభం కూడా ఈ కుటుంబంలోదే.

ఒక మే 6 ఉదయం ఫాబ్రే గదిలోని గూటి నుంచి ఒక ఆడ గ్రేట్ పీకాక్ బయటికి వచ్చింది. ప్రత్యేకంగా ఏ ఉద్దేశమూ లేకుండా, అలవాటు కొద్దీ దాన్ని తీగ జాలీ మూత కింద పెట్టాడు. రాత్రి తొమ్మిది గంటలకు పక్క గదిలో చిన్న కొడుకు పాల్ గోల. సగం బట్టలు విప్పుకుని గంతులు వేస్తూ, పక్షులంత శలభాలు వచ్చాయని తండ్రిని పిలిచాడు. కొవ్వొత్తి పట్టుకుని వెళితే వంటింట్లో శలభాలు, మెట్ల మీద శలభాలు, ఆడది ఉన్న గదిలో జాలీ చుట్టూ శలభాలు. వాటి రెక్కల గాలికి కొవ్వొత్తి ఆరిపోయింది. ఆ రాత్రి వచ్చినవి దాదాపు నలభై, అన్నీ మగవే. బయట కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి, ఇంటి చుట్టూ గుబురు చెట్లు. ఎనిమిది రాత్రుల్లో మొత్తం 150 మగ శలభాలు వచ్చాయి. ఆ జాతి గొంగళి పురుగు బాదం ఆకు తింటుంది, ఆ చుట్టుపక్కల బాదం చెట్లు చాలా తక్కువ. అంటే అవి ఎంతో దూరం నుంచి వచ్చి ఉండాలి.

ఎలా తెలిసింది వాటికి? చూపు కాదు, చీకటి. శబ్దం లేదు. మిగిలింది వాసన. మగ శలభం తల మీద ఈకల్లా విచ్చుకున్న రెండు మీసాలు ఉంటాయి, మన పాఠ్యపుస్తకాల్లో వాటినే స్పర్శశృంగాలు అన్నారు. ఆడదాని మీసాలు ఇంత గుబురుగా ఉండవు. దారి చూపేవి ఈ మీసాలేనా అని ఫాబ్రే పరీక్షకు దిగాడు. ఉన్నవి ఒక కత్తెర, ఒక జాలీ.

మరునాడు గదిలో మిగిలిన ఎనిమిది మగవాటి మీసాలు కత్తిరించాడు. ఆడదాన్ని ఇంటి అవతలి వైపుకు మార్చాడు. రాత్రి పట్టుకున్న ఇరవై ఐదు మగవాటిలో మీసాలు లేనిది ఒక్కటే ఉంది. ఇక్కడ చాలామంది ఆగిపోయి, మీసాలే కారణం అని రాసేసేవారు. ఫాబ్రే ఆగలేదు. మీసాలు పోయినందుకు రాలేదా, లేక గాయం వల్ల, లేదా అలసి రాలేదా? మరో రాత్రి పద్నాలుగు మగవాటి మీసాలు ముట్టుకోకుండా, గుర్తు కోసం వీపు మీది నూగు మాత్రం కొంచెం తీసి వదిలేశాడు. వాటిలో తిరిగి వచ్చినవి రెండే! అంటే మీసాలు ఉన్నవీ రావడం లేదు. ఈ శలభానికి పెద్దయ్యాక ఆహారం తినే నోరు పనిచేయదు, మగది బతికేది రెండు మూడు రాత్రులు. మరునాటికి ముసలిదైపోయినదానితో పరీక్ష ఎలా? ప్రయోగం తేలలేదని ఫాబ్రే ఉన్నదున్నట్లు రాశాడు. పీజీలో ప్రాక్టికల్ రికార్డు రాసే మాలాంటి వాళ్లు ఈ పేజీ చదివి కాసేపు ఆగక తప్పదు. కంట్రోల్ పెట్టాలన్న మాట అందరం రాస్తాం, అది వచ్చి మన ఫలితాన్నే పాడు చేస్తే దాన్ని కూడా రాసేవాళ్లు ఎందరు?

వేరే దారిలో వెళ్లాడు. ఆడదాన్ని రేకు డబ్బాలో, చెక్క పెట్టెలో, అట్టపెట్టెలో పెట్టి గాలి చొరకుండా మూశాడు. ఒక్క మగది రాలేదు. మూత సందు వదిలితే వచ్చాయి. గదిలో కలరా ఉండలు పెట్టి, ఆ ఘాటుకు వాసన మరుగుపడుతుందేమో చూశాడు. మగవి లెక్కచేయలేదు. మరి ఇంత ఘాటులో దేన్ని పసిగడుతున్నట్టు? ఇంట్లో ఎవరి ముక్కుకూ ఆడ శలభం నుంచి ఏ వాసనా తెలియదు. అప్పుడప్పుడే వైర్‌లెస్ తంతి కనిపెట్టిన కాలం కావడంతో, ఆడది ఏవైనా తరంగాలు పంపుతోందా అని కూడా ఆలోచించాడు.

జవాబు దగ్గరకు తెచ్చింది మరో జాతి. ఇంటికి కూరగాయలు తెచ్చే ఒక చిన్న పిల్లవాడు ఒకరోజు ఒక గూడు తెచ్చి ఇచ్చాడు. అది ఓక్ ఎగ్గర్ అనే శలభానిది, దాని మగవి పగలే తిరుగుతాయి. ఆగస్టులో ఆడది బయటికి వచ్చింది. మూడో రోజు మధ్యాహ్నం సుమారు అరవై మగవి వచ్చాయి. ఇప్పుడు అసలు ప్రయోగం చూడండి. ఆడదాన్ని కిటికీ దగ్గర, వచ్చే మగవాటికి స్పష్టంగా కనబడేలా గాజు మూత కింద పెట్టాడు. రాత్రంతా అది కూర్చున్న ఇసుక పళ్లెం, జాలీ మూత గదిలో దూరంగా చీకటి మూలన పడేశాడు. మగవి వచ్చాయి. ఎదురుగా ఉన్న ఆడదాన్ని పట్టించుకోకుండా నేరుగా ఖాళీ పళ్లెం దగ్గరకు పోయి జాలీ చుట్టూ రెక్కలు కొట్టుకున్నాయి! ఆడది కూర్చుని లేచిన ఓక్ కొమ్మను ఒకచోట, ఆడదాన్ని మరోచోట పెట్టాడు. మగవి కొమ్మ మీద పడి ఆకులన్నీ కలియతిరిగి దాన్ని కింద పడేశాయి. తరంగాలైతే కొమ్మకు అంటుకోవు. అంటుకుని నిలిచేది వాసన ఒక్కటే. లావెండరు నూనె, కిరసనాయిలు, కుళ్లిన గుడ్డు వాసన వేసే రసాయనం చుట్టూ పెట్టినా మగవి దారి తప్పలేదు.

తరువాత ఒక చిన్న మాంటిస్ పురుగు ఎలాగో జాలీలో చేరి ఆ ఆడ శలభాన్ని తినేసింది. ప్రయోగాలు అక్కడితో ఆగిపోయాయి.

మీసాల సంగతి మాత్రం ఫాబ్రేకు చివరిదాకా సందేహంగానే మిగిలింది. ఓక్ ఎగ్గర్‌కు దగ్గరి చుట్టమైన మరో శలభం మగదానికీ అలాంటి ఈకల మీసాలే ఉన్నాయి, కాని దాని ఆడదాన్ని పెడితే ఒక్క మగదీ రాలేదు. మీసాలే దారి చూపితే ఇదెందుకిలా అని ప్రశ్న వేసి వదిలిపెట్టాడు. ఆయన అన్నీ సరిగ్గా చెప్పాడని కాదు. డార్విన్‌తో ఉత్తరాలు నడిపినా పరిణామ సిద్ధాంతాన్ని మాత్రం ఒప్పుకోలేదు. అక్కడ డార్విన్‌దే సరైన మాట.

ఈ పరిశీలనలన్నీ 1879 నుంచి 1907 దాకా పది సంపుటాలుగా వెలువడ్డాయి. ఆలస్యంగా పేరొచ్చింది. 1910లో ఎనభై ఆరేళ్ల వయసులో ఊళ్లో సన్మానం జరిగింది, 1913లో ఫ్రాన్సు అధ్యక్షుడు పొయంకారే ఆయన్ని చూడడానికి సెరిన్యాన్ వచ్చాడు. 1915 అక్టోబరు 11న ఫాబ్రే కన్నుమూశాడు. అర్మాస్ ఇప్పుడు మ్యూజియం.

ఆయన వదిలిన ప్రశ్నకు జవాబు రావడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది. 1950లలో జర్మన్ శాస్త్రవేత్త డీట్రిక్ ష్నైడర్ మగ పట్టు శలభం మీసానికి సన్నని విద్యుత్ తీగలు తగిలించాడు. ఆడదాని వాసన తగలగానే మీసంలో విద్యుత్ స్పందన కనిపించింది. ఫాబ్రే కత్తెర చెప్పలేకపోయినది ఈ తీగలు చెప్పాయి. మరోవైపు అడాల్ఫ్ బూటెనాంట్ ఇరవై ఏళ్లు శ్రమించి, సుమారు 5 లక్షల ఆడ పట్టు శలభాల గ్రంథుల నుంచి కొన్ని మిల్లీగ్రాముల పదార్థం వేరుచేశాడు. 1959లో దాని నిర్మాణాన్ని ప్రకటించి బాంబికాల్ అని పేరు పెట్టాడు. ఇలాంటి పదార్థాలకు ఫెరోమోన్ అన్న పేరు కూడా ఆ ఏడాదే వచ్చింది.

మగ పట్టు శలభం ఒక్కో మీసం మీద ఈ పదార్థాన్ని పసిగట్టే సన్నని వెంట్రుకలు సుమారు 17 వేలు ఉంటాయి. ప్రతి వెంట్రుకకూ అతి చిన్న రంధ్రాలు, లోపల ద్రవం, అందులో నాడీకణం. ఒక్క అణువు తగిలినా ఆ కణం స్పందిస్తుందని 1970 నాటికి తేలింది. 2004లో జపాన్ శాస్త్రవేత్తలు ఆ అణువును పట్టుకునే గ్రాహకం జన్యువును గుర్తించారు. మీసం ఈకలా విచ్చుకోవడం అందం కోసం కాదు, ఎక్కువ గాలిని జల్లెడ పట్టడానికి. కలరా ఉండల ఘాటు మగదాన్ని ఎందుకు ఆపలేదో ఇప్పుడు తెలుస్తుంది. ఆ వెంట్రుకలలోని కణం తన అణువుకే పలుకుతుంది. వాసన తగిలితే మగ శలభం గాలికి ఎదురుగా ఎగురుతుంది, తప్పిపోతే అటూ ఇటూ అడ్డంగా తిరిగి మళ్లీ దారి పట్టుకుంటుంది.

మరి ఆడదాని మీసాలు? ఆడ పట్టు శలభం తాను వదిలే బాంబికాల్‌ను తానే పసిగట్టలేదు. మగదానికి బాంబికాల్ పట్టే పొడుగాటి వెంట్రుకలు దానికీ ఉన్నాయి, అయితే వాటిలోని కణాలు పూలలో, ఆకుల్లో ఉండే లినలూల్ వంటి వాసనలకు స్పందిస్తాయి. చాలా జాతుల్లో ఆడ శలభం మీసాలకు ఉన్న పెద్ద పని పిల్లలు తినగలిగే మొక్కను వెతికి గుడ్లు పెట్టడమే.

మనలో పత్తి చేలు ఉన్న ఇళ్ల పిల్లలకు లింగాకర్షక బుట్టలు తెలుసు. కర్రకు వేలాడే ప్లాస్టిక్ గరాటు, కింద సంచి, పైన చిన్న రబ్బరు బిళ్ల. గులాబీ రంగు పురుగుకు ఒక బిళ్ల, శనగపచ్చ పురుగుకు ఒకటి, పొగాకు లద్దె పురుగుకు ఇంకొకటి. ఒక జాతి బిళ్ల ఇంకో జాతిని పిలవదు. సంచిలో పడేవి మగ శలభాలే. ఆడవి చేలో గుడ్లు పెడుతూనే ఉంటాయి కాబట్టి, బుట్ట పెట్టి ఊరుకోకుండా రోజూ పడినవాటిని లెక్కపెట్టి మందు కొట్టాలా వద్దా తేల్చుకుంటారు. బిళ్లలోని పదార్థం క్రమంగా ఆవిరైపోతుంది, కొన్ని వారాలకు మార్చాలి. అయిపోయిందో లేదో వాసన చూసి చెప్పడం మాత్రం కుదరదు. సెరిన్యాన్ ఇంట్లో ఆడ శలభం దగ్గర ముక్కు పెట్టిన వాళ్లకు లాగే మనకూ ఏమీ తెలియదు.